పెద్ద కోడలి మెడ

చలికాలంలో టీచరు ఎవరినైనా తాకే ముందు చేతులు వేడినీళ్ళలో ముంచుకుంటుంది. గది మూలలో ఒక స్టీలు గిన్నె, పక్కన మడత పెట్టిన తువ్వాలు ఉంటాయి. చల్లటి చెయ్యి వీపు మీద పడితే ఒళ్ళు ముడుచుకుంటుందనీ, ముడుచుకున్న ఒంటికి ఎవరేం చెప్పినా ఎక్కదనీ ఆవిడ నమ్మకం. మాట విషయంలో మాత్రం ఆ జాగ్రత్త ఏ కాలంలోనూ లేదు. వీధిలో ఆవిడకు సూది టీచరని పేరు. సన్నగా, నిటారుగా ఉంటుంది కాబట్టి అలా అంటారని కొత్తవాళ్ళు అనుకుంటారు. వారం తిరిగేసరికి అసలు సంగతి వాళ్ళకే తెలిసిపోతుంది.

ఆవిడ యోగా నేర్పే గది కుళాయిలు, పైపులు అమ్మే షాపు మీద ఉంది. ఒకప్పుడు సరుకు దాచిన గది. ఎన్నిసార్లు కడిగినా పైపులు అతికించే జిగురు వాసన పోలేదు. కప్పు కిందికి ఉంటుంది. పొడుగువాళ్ళు చేతులెత్తితే ఫ్యాను తగులుతుందని వాళ్ళను గోడ పక్కన నిలబెడుతుంది. షాపు యజమానురాలికి ఇద్దరు కొడుకులున్నా పెత్తనమంతా ఆవిడదే. అద్దె అడగకుండా ఆ గది టీచరుకు ఇచ్చి, ఒక్క షరతు పెట్టింది. తన ఇద్దరు కోడళ్ళకూ నేర్పాలి.

"ఇంట్లో కూచుని ఒకళ్ళనొకళ్ళు నమిలే బదులు, నీ దగ్గర కాళ్ళూ చేతులూ ఆడించుకుంటారు," అంది.

టీచరు ఒక్కసారికి ఐదారుగురికి మించి చెప్పదు. అందరికీ ఒకటే పాఠమూ చెప్పదు. ఎండలు ముదిరితే నిలబడి చేసేవన్నీ ఆపేసి, పడుకోబెట్టి, నాలుక మడిచి చల్లగా గాలి పీల్చమంటుంది. వానలు పట్టి కీళ్ళు బిగుసుకుంటే వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మడమల దాకా ఒక్కో కీలూ తిప్పిస్తుంది. చలి మొదలైతే ఒంట్లో వేడి పుట్టేవి, కాళ్ళు పైకెత్తేవి బయటికి తీస్తుంది. అందులోనూ ఎవరి ఒంటిని బట్టి వాళ్ళకు. మందుల షాపావిడకు రోజంతా నిలబడి నిలబడి పిక్కలు రాళ్ళయ్యాయి, ఆవిడకు పిక్కల పాఠం. చిన్న కోడలి ఒళ్ళు లేత తీగ, ఎటు వంచితే అటు వంగుతుంది. పెద్ద కోడలికి మెడ పూసలు అరిగాయి. తల వెనక్కి వాలిస్తే మోచేతి దాకా జివ్వుమంటుంది. అందుకని చలికాలంలో చిన్న కోడలు భుజాల మీద నిలబడి రెండు కాళ్ళూ కప్పుకేసి ఎత్తుతుంటే, పెద్ద కోడలు దుప్పటి మడత నడుము కింద పెట్టుకుని కాళ్ళు గోడకు ఆనించి పడుకునేది.

ఇందులో తప్పేమీ లేదు. వైద్యం తెలిసినవాళ్ళు ఎవరైనా ఇదే చెప్తారు. కాని ఒకే ఇంటి ఇద్దరు కోడళ్ళను పక్కపక్కన పడుకోబెట్టి, ఒకరికి గోడా ఒకరికి ఆకాశమూ ఇస్తే, అది మెడల లెక్కగా చూసేవాళ్ళు ఎవరుంటారు? ఇంట్లో బీరువా తాళాలు పెద్ద కోడలివి. వంట ఏమిటో చెప్పేది ఆవిడ. పెళ్ళిళ్ళకు ముందు పిలుపు ఆవిడకే. ఈ జిగురు వాసన గదిలోకి వచ్చేసరికి మాత్రం ఆవిడ చిన్నదైపోయేది.

ఆ ఏడు చలి మొదలైన కొత్తలో ఒక పొద్దున ఆవిడే అడిగింది.

"టీచరుగారూ, ఈ చలికైనా నాకు అది చెప్తారా?"

"ఏది?"

"మా చిన్నది చేసేది."

టీచరు మందుల షాపావిడ పిక్క వదల్లేదు, తల కూడా తిప్పలేదు. "నీ మెడకా? ఎండుకొమ్మకి ఎవరైనా ఉయ్యాల కడతారా? దాని మీద తలకాయ నిలబడటమే గొప్ప, కాళ్ళు కూడా ఎక్కిస్తావా?"

మందుల షాపావిడ పడీ పడీ నవ్వింది. మిగతా ఇద్దరూ నవ్వారు. చిన్న కోడలు అప్పుడు తలకిందులుగా ఉంది. గొంతు బయటికి రాలేదు కాని పొట్ట మాత్రం ఎగిరెగిరి పడింది. పెద్ద కోడలు పక్కనుంచి అది చూసింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అనలేదు పెద్దలు.

టీచరుకు ఆ నవ్వు కావాల్సిందే. అది ఆవిడ పద్ధతి. వయసులో ఉండగా ఆవిడ ఒక బడిలో ఆటల టీచరు. పిల్లలకు దూకి చూపించబోయి నడుము పట్టేసింది. బాగుచేసిన ముసలి గురువు ఆవిణ్ణి పదిమందిలో 'విరిగిన కుర్చీ' అని పిలిచేవాడు. "విరిగిన కుర్చీ ఇవాళ కూడా వంగదు, మీరు కానివ్వండి," అనేవాడు. ఆ సిగ్గుకి ఆవిడ ఏడాది పాటు ముందుకు వంగలేదు. నడుము దక్కింది. బతిమాలి చెప్తే మనిషి వినడనీ, సిగ్గుపడితే మాత్రం ఒళ్ళు బుద్ధిగా ఉంటుందనీ అప్పుడే తీర్మానించుకుంది. ఆ తీర్మానం ఎన్ని మోకాళ్ళను కాపాడిందో ఆవిడ చెప్పగలదు. ఎంతమంది మధ్యలో మానేసి వెళ్ళిపోయారో మాత్రం లెక్కలోకి రానివ్వదు.

భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. అన్నం తింటూ ఒకసారి అన్నాడు: "మిషను కీచుమంటే నూనె ఎక్కడ వెయ్యాలో నాకు తెలుసు. నీ నోటికి ఆ రంధ్రం ఎక్కడుందో ఇన్నేళ్ళయినా దొరకలేదు."

"దొరికితే వెయ్యవు. నీ నూనె నీకే చాలదు," అంది ఆవిడ.

పెద్ద కోడలు మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కాళ్ళు గోడకు ఆనించి బుద్ధిగా పడుకుంది. మళ్ళీ అడగలేదు. చూశావా, మాట పనిచేసింది అనుకుంది టీచరు. చలి ముదిరే వేళకు ఒకరోజు కోడళ్ళిద్దరూ రాలేదు. సాయంత్రం షాపులో పనిచేసే అతను వచ్చి, యజమానురాలు ఇంటికి రమ్మంటున్నారని చెప్పాడు.

ముందు గదిలో సోఫా మీద పెద్ద కోడలు కూచుని ఉంది. మెడకు పట్టీ. కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరో తెచ్చి అక్కడ పెట్టి మరిచిపోయినట్టు పడి ఉంది. పట్టీ వల్ల తల తిప్పలేదు కాబట్టి టీచరు వైపు చూడాల్సిన బాధ ఆవిడకు లేకపోయింది. చిన్న కోడలు తలుపు దగ్గర నిలబడింది. మందులు ఇవ్వడానికి వచ్చిన మందుల షాపావిడ, వెళ్ళకుండా కుర్చీ లాక్కుని కూచుంది.

"ఏమ్మా టీచరూ, ఏం చేశావు మా పెద్దదాన్ని?" అంది యజమానురాలు.

"నేనా? ఏమైంది?"

"మెడ పట్టేసింది. చేతిలో గ్లాసు నిలవట్లేదు. కాళ్ళు పైకెత్తించావట కదా."

"గోడకు ఆనించడం తప్ప ఆవిడతో నేనేదీ చేయించలేదమ్మా. ఆవిణ్ణే అడగండి."

పెద్ద కోడలు ఎదురుగా ఉన్న కిటికీతో చెప్పినట్టు చెప్పింది. "టీచరే చెప్పారత్తయ్యా. ఆవిడ చెప్పిందే చేశాను."

టీచరు సోఫా ముందుకు వచ్చి నిలబడింది. "ఎప్పుడు చెప్పాను? ఎవరు చూశారు?"

యజమానురాలు తలుపు వైపు చూసింది. "ఏమే చిన్నదానా, నువ్వుంటావుగా అక్కడ?"

చిన్న కోడలు చీర కొంగు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "అవునత్తయ్యా. టీచరు చెప్తుంటే చూశాను."

"అబద్ధం!" టీచరు మందుల షాపావిడ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నీ ముందే కదా వద్దన్నాను?"

మందుల షాపావిడ నిజాయితీగానే ఆలోచించింది. "వద్దన్నారా? అది నాకు గుర్తులేదండీ. ఎండుకొమ్మ అన్నారు. అది గుర్తుంది. మేమంతా నవ్వాం కూడా."

"ఎండుకొమ్మ అంటే వద్దనే కదా అర్థం!"

"ఏమోనండీ. నాకు మాత్రం అది తిట్టులాగే వినిపించింది. నా పిక్కల్ని కూడా ఏనుగు కాళ్ళన్నారు, నేనేమైనా మానేశానా?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆ గదిలో టీచరు విసిరిన ప్రతి మాటా ఆవిడకు పొల్లు పోకుండా గుర్తుంది, ఒకటొకటే అప్పజెప్పింది కూడా. వాటిలో దాగిన జాగ్రత్త ఒక్కటే ఎవరి చెవికీ అందలేదు. అంతా విని యజమానురాలు లేచింది.

"గది ఖాళీ చెయ్యమ్మా. నీ గిన్నే దుప్పట్లూ మా కుర్రాళ్ళు కిందికి దింపుతారు."

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, ఖాళీ అయిన గదిలో వారం తిరక్కుండా చిన్న కోడలు పాఠం మొదలుపెట్టింది. ఎవరికి ఏది పడదో చూసే తీరికా తెలివీ ఆవిడకు లేవు, నవ్వు మొహం ఉంది. "ఎంత బాగా చేస్తున్నారండీ!" అని అందరినీ అనేది. జనం పెరిగారు. మందుల షాపావిడ అక్కడే చేరింది. ఎండలు వచ్చినా చలికాలం పాఠమే నడిపించింది. ఒకావిడ కళ్ళు తిరిగి పడితే మంచినీళ్ళు తాగించి, మర్నాడు కూడా అదే చేయించింది. ఎవరూ తప్పు పట్టలేదు.

సూది టీచరు ఇళ్ళకు వెళ్ళి చెప్తానని తిరిగింది. మెడలు విరిచే టీచరని అప్పటికే పేరు ముందు వెళ్ళి కూచుంది. కొన్ని గుమ్మాల దగ్గర మంచినీళ్ళు ఇచ్చి పంపారు. ఒక ముసలాయన మాత్రం ఒప్పుకున్నాడు. మూడో రోజు కొడుకు వచ్చి, "నాన్నగారికి ఇప్పుడు తగ్గిందండీ, ఇక అక్కర్లేదు," అన్నాడు. వెనక గదిలోంచి ముసలాయన దగ్గు, మూలుగు రెండూ వినిపిస్తూనే ఉన్నాయి.

ఎండలు మండుతున్న ఒక మధ్యాహ్నం, వీధిలో మనిషి కనపడని వేళ చూసుకుని, పెద్ద కోడలు టీచరు ఇంటికి వచ్చింది. వెనక తలుపు తట్టింది. మెడకు పట్టీ లేదు. కుడిచెయ్యి కొంగులో దాచుకుంది.

"డాక్టరుగారు పట్టీ తీసేశారు. ఇక నెమ్మదిగా, తెలిసినవాళ్ళ దగ్గర కసరత్తు చెయ్యమన్నారు. చేస్తే పట్టు కొంత రావొచ్చన్నారు."

"తెలిసినవాళ్ళు మీ ఇంట్లోనే ఉన్నారుగా. నవ్వుతూ చెప్తుందట."

"మీరే చెప్పాలి టీచరుగారూ."

టీచరు కొంగు తొలగించి చెయ్యి చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని, నొక్కు, లాగు, విడువు అంది. చిటికెన వేలూ దాని పక్కదీ లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. బొటనవేలిలో బలం సగం లేదు. ఆ చెయ్యి రోజుల తరబడి ఆగే చెయ్యి కాదని ఆవిడకు అక్కడికక్కడే తెలిసింది.

"ఎలా జరిగిందో చెప్పు ముందు."

పెద్ద కోడలు చెప్పింది. మగవాళ్ళు తిని పడుకున్నాక రోజూ మధ్యాహ్నం, పడకగదిలో చాప మీద. చిన్న కోడలే నడుము పట్టుకుని లేపేది. "నీకు రాదని ఎవరన్నారక్కా, ఆవిడ ఒక్కత్తేగా," అనేది. మొదట్లో బాగానే ఉంది. కాళ్ళు పైకి లేచి నిలబడిన రోజు ఏడుపొచ్చినంత సంతోషమేసింది. ఆ రోజే మెడలో మంట కూడా మొదలైంది, చెప్పలేదు. తర్వాత ఒకరోజు కాళ్ళు పైన ఉండగా వీధి తలుపు బెల్లు మోగింది. చిన్నది నడుము వదిలేసి పరిగెత్తింది. ఎవరొచ్చారో అని తాను తల అటు తిప్పి, దభీమని పడింది.

"తల తిప్పావా! కాళ్ళు పైనుంటే మెడ గోరంత కూడా కదపకూడదు. అది మొదటి పాఠం!"

"చిన్నదానికి చెప్పారు, ఎప్పుడో. నాకెవరు చెప్పారు?"

"నువ్వు అసలు చెయ్యవు కదా, నీకెందుకు చెప్తాను?"

"అదే. మా ఇద్దరి చాపలకీ మధ్య జానెడు దూరం. దానికి చెప్పేటప్పుడు చెవిలో చెప్పినట్టు చెప్తారు. నన్ను తిట్టేటప్పుడు వీధికి వినపడేలా చెప్తారు."

టీచరుకు కోపం వచ్చింది. చెయ్యి వదిలేసింది.

"సరే. ఇదంతా మీ అత్తగారి ముందు చెప్పు. నా మొహం మీద అబద్ధం ఆడావు కదా, అదే గదిలో నా మొహం ముందే నిజం చెప్పు. చెప్పిన రోజే నీ చెయ్యి పట్టుకుంటాను."

"ఇప్పటికే తాళాలు తీసేసుకున్నారు టీచరుగారూ. బీరువా తిప్పలేని చేతికి తాళాలెందుకని చిన్నదానికిచ్చారు. ఇప్పుడు దొంగతనంగా చేశానని కూడా తెలిస్తే నేనా ఇంట్లో ఎలా తలెత్తుకుంటాను?"

"నీ తల సంగతి నాకు తెలియదు. నా గది పోయింది."

పెద్ద కోడలు చెయ్యి మళ్ళీ కొంగులో దాచుకుని, వచ్చిన తలుపునే వెళ్ళిపోయింది. మిషను ముందు కూచున్న భర్త సూది బిగిస్తూ అన్నాడు.

"చెయ్యి కదే అది. దానితో బేరమేంటి?"

"నోరు దానిది కాదూ? అబద్ధమాడటానికి పనిచేసింది, నిజం చెప్పడానికీ పనిచేస్తుంది."

"ఈలోపు చెయ్యి ఆగుతుందా?"

"ఆగదు," అంది టీచరు.

ఎండాకాలమంతా పెద్ద కోడలు రాలేదు. టీచరు కబురు పంపలేదు. మందుల షాపుకు వెళ్ళినప్పుడు షాపావిడే చెప్పేది, పెద్ద కోడలు దువ్వెన పట్టుకోలేకపోతోందనీ, తోడికోడలే జడ వేస్తోందనీ, వేస్తూ వేస్తూ వచ్చినవాళ్ళందరికీ ఆ చెయ్యి చూపిస్తోందనీ. టీచరు వినేది. ఒక్కోసారి రాత్రి పడుకుని తన కుడిచేతి చివరి రెండు వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకునేది. మర్నాడు లేచి మళ్ళీ కబురు పంపేది కాదు.

మొదటి వానలు పడ్డాక, ఇంటికి రమ్మని పెద్ద కోడలి దగ్గర్నుంచి కబురు వచ్చింది. టీచరు వెళ్ళేసరికి అదే ముందు గది, అదే సోఫా. ఈసారి పెద్ద కోడలు నిలబడి ఉంది. చిన్న కోడలి నడుముకు తాళాల గుత్తి వేలాడుతోంది.

"అత్తయ్యా, టీచరు చెప్పలేదు," అంది పెద్ద కోడలు. "ఆవిడ వద్దన్నారు. మధ్యాహ్నాలు ఇంట్లో చేశాను. చిన్నదే నేర్పింది. ఆ రోజు అబద్ధం చెప్పాను."

చిన్న కోడలు కదల్లేదు. టీచరు నిటారుగా నిలబడి, తనకు రావాల్సిన మాట కోసం యజమానురాలి నోటివైపు చూసింది. యజమానురాలు వక్కపలుకులేవో నములుతున్నట్టు దవడ కాసేపు ఆడించింది.

"తెలుసు," అంది.

"తెలుసా?" అన్నారు టీచరూ, పెద్ద కోడలూ ఒకేసారి.

"ఆ రోజే తెలుసు. నా ఇంట్లో మధ్యాహ్నం ఎవరు ఏ గదిలో దభీమని పడ్డారో నాకు తెలియదా? చిన్నదాన్ని అంటే అది మొగుణ్ణి లాక్కుని వేరు పోతానంటుంది. పెద్దదాన్ని అంటే మంచమెక్కి అన్నం మానేస్తుంది. నిన్నంటే ఇంట్లో ఎవరికీ ఏ నొప్పీ లేదమ్మా. అందుకని నిన్నన్నాను."

"మరి గది?" అంది టీచరు.

"చిన్నదానికి అలవాటైపోయిందిగా. జనం కూడా బాగా వస్తున్నారు." యజమానురాలు పెద్ద కోడలి వైపు తిరిగింది. "నువ్వెందుకే ఇప్పుడు ఇదంతా తవ్వుకున్నావు? ఎవరడిగారు నిన్ను?"

పెద్ద కోడలు టీచరు వైపు చూసింది. ఇప్పుడు మెడ తిరుగుతోంది. టీచరు కిటికీ వైపు చూసింది.

ఆ సాయంత్రమే పెద్ద కోడలు టీచరు ఇంటికి వచ్చింది. ఈసారి ముందు తలుపు నుంచే, దాచుకోవడానికి ఇంకేమీ మిగలలేదు కనుక. టీచరు వంటింట్లో చాప వేసి, ఆవిడకు ఎదురుగా కూచుంది. చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ముడువు అంది, తెరువు అంది. ఎగతాళి చెయ్యలేదు, క్షమించమనీ అనలేదు. వానలున్నన్నాళ్ళూ పెద్ద కోడలు రోజూ వచ్చింది. ఆ ఇద్దరూ పాఠం తప్ప వేరే మాట మాట్లాడుకోలేదు.

కొన్ని నెలల ముందే మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదని పెద్ద కోడలు డాక్టర్ని అడిగింది. చెప్పలేమన్నాడు ఆయన. టీచర్ని అడగలేదు.

వానలు వెనకపట్టేసరికి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వచ్చాయి. మిగతా రెండూ రాలేదు.